విడి పవర్ యాంప్ కొనే ముందు మీటరు పెట్టి చూడండి

వాల్యూమ్ కాస్త పెంచగానే డైలాగులు గీరుకుపోతున్నాయా? ఫైటు సీన్లో సౌండంతా ముద్దగా అయిపోతోందా? హోమ్ థియేటర్ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల సౌండు తీసుకుని స్పీకర్లన్నిటినీ నడిపే డబ్బా) పైన చెయ్యి పెడితే నిలవనంత వేడెక్కి, ఒక్కోసారి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి దానంతటదే ఆగిపోతోందా? వీటిలో ఒక్కటి ఉన్నా విడి పవర్ యాంప్ గురించి, అంటే రిసీవర్ బయట ఉండి స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్ గురించి, ఆలోచించొచ్చు. ఇవేవీ లేకుండా "ఇంకాస్త బాగుంటుందేమో" అని కొంటే చాలా ఇళ్లలో తేడా చెవికి అందదు. ఆ డబ్బు మంచి సెంటర్ స్పీకర్‌కో, రెండో సబ్‌వూఫర్‌కో పెడితే మొదటి రోజే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు రిసీవర్‌ని వెనక్కి తిప్పండి. ప్రీ-అవుట్ (లోపలి యాంప్ పెంచక ముందే సిగ్నల్‌ని బయటికిచ్చే దారి) అని రాసి ఉన్న ఆర్‌సీఏ సాకెట్లు వరసగా ఉండాలి: ఫ్రంట్ ఎడమ, కుడి, సెంటర్, సరౌండ్. తక్కువ ధర మోడళ్లలో సబ్‌వూఫర్‌కి మాత్రమే ప్రీ-అవుట్ ఇస్తారు. అలాంటి రిసీవర్‌కి పవర్ యాంప్ తగిలించే దారి సరిగ్గా లేనట్టే. స్పీకర్ టెర్మినళ్ల నుంచి సిగ్నల్ తీసి తగ్గించే చిన్న డబ్బాలు దొరుకుతాయి కానీ, అప్పుడు రిసీవర్ లోపలి యాంప్ చేసే తప్పులన్నీ బయటి యాంప్‌లోకి కూడా పోతాయి. అంత ఖర్చు పెట్టేవాళ్లు రిసీవర్ మార్చుకోవడమే మేలు.

డబ్బా మీది వాట్లు

పీఎంపీఓ (ఒక్క క్షణపు గరిష్ఠం పేరుతో ఉబ్బించిన అంకె) పేరుతో 5000 వాట్లని రాసిన డబ్బాలు మన బజార్లో చాలామంది చూసే ఉంటారు. రిసీవర్ల డబ్బాల మీద అంత బొంకు ఉండదు కానీ, అదే వంశం. "ఒక్కో చానల్‌కి 165 వాట్లు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, చానల్ అంటే ఒక్కో స్పీకర్‌ని నడిపే దారి. కింద చిన్న అక్షరాల్లో చూస్తే 6 ఓమ్స్ (స్పీకర్ నిరోధం), 1 కిలోహెర్ట్జ్, 10% డిస్టార్షన్, ఒకే చానల్ నడిచినప్పుడు అని ఉంటుంది. 10% డిస్టార్షన్ అంటే సౌండు అప్పటికే చిరిగిపోయినట్టు లెక్క. మీరు చూడాల్సిన లైను వేరే: 8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.1% లోపు డిస్టార్షన్, కనీసం రెండు చానళ్లు ఒకేసారి. ఆ లైనులో అదే రిసీవర్ 90 నుంచి 105 వాట్ల దగ్గర తేలుతుంది. పవర్ యాంప్ కొనేటప్పుడూ ఇదే లైను చూడండి, అన్ని చానళ్లూ ఒకేసారి నడిచినప్పటి అంకె కూడా ఇస్తే ఇంకా మంచిది. ఇవ్వని కంపెనీ ఎందుకు ఇవ్వలేదో అడగాల్సిందే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సినిమాలో తొమ్మిది చానళ్లూ ఒకేసారి నిండుగా మోగే క్షణం దాదాపు ఉండదు. కాబట్టి అన్ని చానళ్ల పరీక్షలో ఓడిపోయిన రిసీవర్ మీ హాల్లోనూ ఓడిపోతుందని కాదు.

మీకు నిజంగా ఎన్ని వాట్లు కావాలి

మూడు అంకెలు కావాలి: స్పీకర్ సెన్సిటివిటీ, సోఫాకి స్పీకర్‌కి మధ్య దూరం, మీరు వినే గట్టిదనం.

స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అనుకుందాం. అంటే 1 వాటుకి 1 మీటరు దూరంలో 88. సోఫా 3.5 మీటర్ల దూరంలో ఉంటే దూరం వల్ల 11 డెసిబెల్స్ పోతాయి, గోడల ప్రతిధ్వని వల్ల ఓ 3 తిరిగొస్తాయి. కూర్చున్న చోట 1 వాటుకి 80 మిగులుతుంది. సినిమా మిక్సింగ్ థియేటర్లలో పాటించే రిఫరెన్స్ లెవెల్‌లో ఒక్కో మెయిన్ చానల్ గరిష్ఠంగా 105 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. 80 నుంచి 105కి 25 డెసిబెల్స్, అంటే 316 వాట్లు. కళ్లు తిరిగే అంకె. అయితే ఇంట్లో రిఫరెన్స్ లెవెల్‌లో, అంటే కాలిబ్రేట్ చేసిన (మైకుతో స్పీకర్ల గట్టిదనం సరిచేసిన) రిసీవర్‌లో వాల్యూమ్ 0 మీద పెట్టి, సినిమా చూసేవాళ్లు అరుదు. పక్కింటివాళ్లు ఊరుకోరు. వాల్యూమ్ −10 మీద చూస్తే గరిష్ఠం 95, కావాల్సింది 32 వాట్లు. −15 మీదయితే 10 వాట్లు. చెవికి సగం గట్టిదనంలా అనిపించే ఆ 10 డెసిబెల్స్ వాట్లలో పదో వంతు.

ఈ లెక్కని తిప్పి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే దొరికేది 3 డెసిబెల్స్ మాత్రమే. 100 వాట్ల రిసీవర్ ఉన్నవాళ్లు 125 వాట్ల విడి యాంప్ కొంటే లాభం 1 డెసిబెల్. వినపడదు. మారాలంటే కనీసం 200 వాట్లకు మారాలి, లేదా అసలు మారకూడదు.

సెన్సిటివిటీలో ఒక మెలిక ఉంది. చాలా కంపెనీలు దాన్ని 1 వాటుకి కాదు, 2.83 వోల్టులకి చెబుతాయి. 8 ఓమ్స్ స్పీకర్‌కి 2.83 వోల్టులంటే సరిగ్గా 1 వాటు. 4 ఓమ్స్ స్పీకర్‌కి అది 2 వాట్లు. అంటే 4 ఓమ్స్ స్పీకర్ మీద 88 అని రాసి ఉంటే లెక్కలో 85 వేసుకోండి. పైగా "6 ఓమ్స్" అని రాసిన స్పీకర్ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3.5 ఓమ్స్‌కి దిగిపోవచ్చు. రిసీవర్లు అలసిపోయేది ఎక్కువగా ఇక్కడే. వోల్టేజి ఉంటుంది, కరెంటు చాలదు. మీ స్పీకర్లు 4 ఓమ్స్ అయితే, 8 ఓమ్స్‌లో ఇచ్చే వాట్లకు 4 ఓమ్స్‌లో కనీసం ఒకటిన్నర రెట్లు ఇస్తానని రాసిన యాంప్‌నే చూడండి. 8 ఓమ్స్‌లో 200, 4 ఓమ్స్‌లో 300 నుంచి 400 ఉంటే కరెంటు సరఫరా బాగున్నట్టే.

లెక్క మీద నమ్మకం లేకపోతే కొలవండి. మామూలు మల్టీమీటరు చాలు. గరిష్ఠ సిగ్నల్ కన్నా 20 డెసిబెల్స్ కింద (−20) రికార్డు చేసిన 200 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే స్వరంలో సాగే మోత) ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. మామూలు మల్టీమీటర్లు 400 హెర్ట్జ్ పైన సరిగ్గా చూపించవు, అందుకే 200. రిసీవర్‌లో సౌండుని దానంతటదే పెంచి తగ్గించే డైనమిక్ వాల్యూమ్ లాంటివి ఆపేసి, మీరు ఎప్పుడైనా పెట్టే అన్నిటికన్నా గట్టి వాల్యూమ్‌లో పెట్టండి. టోన్ ఫ్రంట్ స్పీకర్‌లో మోగుతుండగా దాని టెర్మినళ్ల మీద ఏసీ వోల్టులు చూడండి. రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే యాంప్ షార్టయినట్టే. పది సెకన్లు చాలు. 2.1 వోల్టులు వచ్చిందనుకోండి. 20 డెసిబెల్స్ అంటే వోల్టేజిలో పది రెట్లు కాబట్టి పదితో గుణిస్తే 21. అదే ఆ వాల్యూమ్‌లో డిస్కులోని గరిష్ఠ సిగ్నల్ అడిగే వోల్టేజి. 21 × 21 = 441, దాన్ని 8 ఓమ్స్‌తో భాగిస్తే 55 వాట్లు. స్పీకర్ 4 ఓమ్స్ అయితే 110. ఈక్వలైజర్ 200 దగ్గర తగ్గించి ఉండొచ్చు కాబట్టి 300 హెర్ట్జ్ టోన్‌తో మళ్లీ చూసి, ఏది పెద్దదైతే అది తీసుకోండి. మీటరు 25 వాట్లు చెబితే సౌండు గీరుకుపోవడానికి కారణం వాట్లు కాదు. స్పీకర్‌లో గానీ, గదిలో గానీ, సెట్టింగులో గానీ ఉంది.

ఎన్ని చానళ్లు

చాలా ఇళ్లకు జవాబు మూడు. ఎడమ, సెంటర్, కుడి బయటి యాంప్‌కి ఇచ్చేసి, సరౌండ్లూ పైకప్పు స్పీకర్లూ రిసీవర్‌కే వదిలేయండి. డైలాగులు దాదాపు అన్నీ సెంటర్‌లోనే ఉంటాయి, పెద్ద శబ్దాలు ఎక్కువగా ముందు మూడింటిలోనే. రిసీవర్ పవర్ సప్లై మీద ఆ మూడింటి బరువు తగ్గగానే మిగతా చానళ్లకు ఊపిరి ఆడుతుంది, వేడి కూడా తగ్గుతుంది. రెండు చానళ్ల యాంప్ కొని ఎడమ కుడికి పెట్టి సెంటర్‌ని వదిలేయడం పాటలు వినేవాళ్లకి సరే. సినిమాలకైతే అసలు పని చేసేదాన్ని వదిలేసినట్టు. పైకప్పు స్పీకర్లకి 200 వాట్లు పెట్టడం డబ్బు వృథా.

గెయిన్ సరిపోవాలి

గెయిన్ అంటే యాంప్ తనకొచ్చిన వోల్టేజిని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె. ఎక్కువమంది చూడనిది ఇదే. యాంప్ ఎంత పెద్దదైనా రిసీవర్ ప్రీ-అవుట్ దానికి తగినంత వోల్టేజి ఇవ్వాలి. చాలా రిసీవర్ల ప్రీ-అవుట్లు 1 నుంచి 1.5 వోల్టుల దాకా శుభ్రంగా ఉంటాయి, ఆపైన డిస్టార్షన్ పెరుగుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. 8 ఓమ్స్‌లో 200 వాట్లంటే 40 వోల్టులు. యాంప్ గెయిన్ 29 డెసిబెల్స్ అయితే 28 రెట్లు, కాబట్టి 1.4 వోల్టులు చాలు. గెయిన్ 23 డెసిబెల్స్ అయితే 14 రెట్లే, 2.8 వోల్టులు కావాలి. మీ రిసీవర్ 1.4 దగ్గరే అలసిపోతే ఆ 200 వాట్ల యాంప్ నుంచి మీకు శుభ్రంగా దక్కేది 50 వాట్లు! మీ పాత రిసీవరే అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. హోమ్ థియేటర్‌కి 27 నుంచి 29 డెసిబెల్స్ గెయిన్ సుఖం. గెయిన్ స్విచ్ ఉన్న యాంప్ దొరికితే ఇంకా మంచిది.

రిసీవర్ మెనూలో ఒక సెట్టింగు వెతకండి. కొన్ని మోడళ్లలో ప్రీయాంప్లిఫయర్ మోడ్ ఉంటుంది, కొన్నిటిలో ఒక్కో చానల్ లోపలి యాంప్‌ని ఆపేయొచ్చు. అది పెట్టకపోతే బయట స్పీకర్ తగిలించకపోయినా లోపలి యాంప్ నడుస్తూనే ఉండి, అది క్లిప్ అయినప్పుడు (శక్తి చాలక సిగ్నల్ కొసలు తెగినప్పుడు) కొన్ని మోడళ్లలో ప్రీ-అవుట్ కూడా పాడవుతుంది.

గెయిన్ మరీ ఎక్కువైతే వేరే బాధ. 97 డెసిబెల్స్ హార్న్ స్పీకర్లున్నవాళ్లకి సినిమా ఆగినప్పుడు సోఫా దాకా "స్స్స్" అని వినపడుతుంది.

క్లాస్ ఏబీనా, క్లాస్ డీనా

ఏబీ అంటే బాగా వేడెక్కే పాత పద్ధతి యాంప్, డీ అంటే వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ తక్కువ వేడితో నడిచేది. ఈ వాదన మీద కొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మన ఎండలకీ, మూసిన టీవీ యూనిట్లకీ, ఇరుకు హాళ్లకీ మంచి క్లాస్ డీ వైపే మొగ్గు. హైపెక్స్ ఎన్‌కోర్, ప్యూరిఫై, ఐస్‌పవర్ మాడ్యూళ్లతో చేసినవైతే కళ్లు మూసుకుని తేడా చెప్పడం కష్టం. ఒకప్పటి చవక క్లాస్ డీ బోర్డుల్లో స్పీకర్ ఓమ్స్ మారితే ట్రెబుల్ మారిపోయేది. ఈ మాడ్యూళ్లలో ఆ గొడవ లేదు.

క్లాస్ ఏబీకి పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద హీట్‌సింకు ఉంటాయి. ఐదు చానళ్లది 25 నుంచి 30 కిలోలు తూగడం మామూలే. రిపేరు మాత్రం ఊళ్లోనే దొరుకుతుంది, అది చిన్న సంగతేం కాదు. క్లాస్ డీలో మాడ్యూల్ పోతే మాడ్యూలే తెప్పించాలి. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఏబీ యాంప్ 80 వాట్లు తిందనుకుంటే, ఆపకుండా వదిలేస్తే నెలకు దాదాపు 58 యూనిట్లు. కాబట్టి 12 వోల్టుల ట్రిగ్గర్ ఉన్నది తీసుకోండి: 3.5 మిల్లీమీటర్ల పిన్ను వైరు ఒకటి రిసీవర్ నుంచి వేస్తే దానితోపాటే ఆన్, దానితోపాటే ఆఫ్. ట్రిగ్గర్ లేకపోతే ముందు రిసీవర్ ఆన్ చేసి తర్వాత యాంప్, ఆపేటప్పుడు ముందు యాంప్. తిరగేస్తే స్పీకర్లలో "ధబ్" మంటుంది. ఏబీ యాంప్ పైన కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ వదలండి, దాని మీద రిసీవర్ని మాత్రం పెట్టకండి.

స్టేజి యాంప్, పీఏ యాంప్, కట్టించిన బోర్డు

డీజేలు వాడే స్టేజి యాంప్‌లు రూపాయికి ఎక్కువ వాట్లిస్తాయి. ఒప్పుకోవాల్సిందే. కానీ ఫ్యాను గోల చేస్తుంది, నిశ్శబ్దంగా ఉండే సీన్లో అది తెలుస్తుంది. ఇన్‌పుట్ సెన్సిటివిటీ (నిండు శక్తికి యాంప్ అడిగే వోల్టేజి) 1.4 వోల్టులు లేదా 0.775 వోల్టులకు మార్చుకునే వీలుందో చూసుకోండి. రెండు చానళ్లని బ్రిడ్జి చేస్తే 4 ఓమ్స్ స్పీకర్ ఒక్కో చానల్‌కి 2 ఓమ్స్‌లా కనిపిస్తుంది, ఆ పని చెయ్యకండి. గుళ్లలో, సభల్లో వాడే 100 వోల్టుల లైను పీఏ యాంప్ పనే వేరు. మైకు మాట దూరం వెళ్లడానికి చేసినది, హోమ్ థియేటర్‌కి వద్దు.

5200–1943 ట్రాన్సిస్టర్ల జతలతో బోర్డు కట్టించుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. బాగా కడితే బాగానే పాడుతుంది. రెండు ప్రమాదాలు: ఆ నంబర్లతో నకిలీ ట్రాన్సిస్టర్లు విపరీతంగా తిరుగుతాయి, పెద్ద వాల్యూమ్‌లో అవే ముందు షార్టవుతాయి. స్పీకర్ ప్రొటెక్షన్ రిలే (తేడా వస్తే స్పీకర్‌ని విడదీసే స్విచ్) లేకపోతే ఆ షార్టయిన ట్రాన్సిస్టర్ గుండా డీసీ నేరుగా వూఫర్‌కి వెళ్లి కాయిల్ మాడ్చేస్తుంది. కట్టించుకుంటే డీసీ ప్రొటెక్షన్ రిలే లేకుండా స్పీకర్ తగిలించనివ్వకండి.

సెకండ్‌హ్యాండ్ యాంప్‌కి స్పీకర్ పెట్టకముందే టెర్మినళ్ల మీద డీసీ వోల్టేజి చూడండి. ఐదు నిమిషాలు ఆన్‌లో ఉంచాక 50 మిల్లీవోల్టుల లోపు ఉండాలి. మూత తీయనిస్తే పెద్ద కెపాసిటర్ల పైభాగం ఉబ్బిందేమో చూడండి. ఆపేసిన తర్వాత కూడా వాటిలో చార్జి ఉంటుంది, చూడండి, ముట్టుకోకండి.

కరెంటు సంగతి

ఐదు చానళ్లు × 200 వాట్లు, ఏబీ యాంప్ పూర్తిగా లాగితే గోడ దగ్గర 1800 వాట్లు, 230 వోల్టుల మీద దాదాపు 8 యాంపియర్లు. సినిమాలో సగటు ఇందులో చిన్న భాగమే. అయినా 6 యాంప్స్ ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టకండి. ఏసీకి వాడే పెద్ద సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరింగు కావాలి. పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మరు ఆన్ చేసిన క్షణంలో చాలా కరెంటు లాగుతుంది. సాఫ్ట్ స్టార్ట్ (కరెంటుని మెల్లగా ఎక్కించే ఏర్పాటు) లేని యాంప్ అయితే ఎంసీబీ పడిపోతుంది, అది యాంప్ చెడిపోయినట్టు కాదు. ఆ క్షణపు కరెంటుని తట్టుకునే సీ-కర్వ్ ఎంసీబీ వేయించండి. ఇంటి ఇన్వర్టర్ లైను మీద మాత్రం పెట్టొద్దు. వోల్టేజి 230 నుంచి 200కి పడితే ఏబీ యాంప్ గరిష్ఠ శక్తి పావు వంతు తగ్గుతుంది. చెవికి అది ఒక డెసిబెల్ పైచిలుకు మాత్రమే, దానికోసం చిన్న స్టెబిలైజర్ కొని యాంప్ గొంతు నొక్కకండి.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు వెనక ప్లేటు చదవాలి. 115/230 స్విచ్ ఉందా, లేక 120 వోల్టులు 60 హెర్ట్జ్ మాత్రమేనా? రెండోది అయితే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు, అదీ యాంప్ లాగేదానికి ఒకటిన్నర రెట్ల సామర్థ్యంతో. 60 హెర్ట్జ్‌కే చేసిన ట్రాన్స్‌ఫార్మరు మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కి, గుంయ్‌మని మోగొచ్చు. ఐదు చానళ్ల ఏబీ యాంప్ మామూలుగా 23 కిలోల సూట్‌కేసులో పట్టదన్నది వేరే సంగతి.

తగిలించాక హమ్ వస్తే

హమ్ అంటే స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత. ముందు ఆర్‌సీఏ వైర్లన్నీ పీకి యాంప్ ఒక్కటే ఆన్ చేయండి. అప్పుడూ హమ్ ఉంటే యాంప్‌దే తప్పు. లేకపోతే రిసీవర్‌కి కలిపి, రిసీవర్‌కి వచ్చే మిగతా వైర్లన్నీ తీసేయండి. అప్పుడు ఒక్కొక్కటే తగిలించుకుంటూ రండి. ఎక్కువసార్లు దొంగ కేబుల్ టీవీ వైరో, కంప్యూటరో. కేబుల్ వైరుకి కోయాక్స్ ఐసొలేటర్ (సిగ్నల్‌ని వదిలి ఎర్తు కలయికని తెంచే చిన్న డబ్బా) సరిపోతుంది. డిష్ వైరులో పైన డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్లాలి కాబట్టి అది పనిచేయదు, రిసీవర్‌కి యాంప్‌కి మధ్య ఆర్‌సీఏ ఐసొలేటర్ పెట్టండి. చవక ఐసొలేటర్లు లోతైన బేస్‌ని కోస్తాయి, కానీ 80 హెర్ట్జ్ కింద ఎలాగూ సబ్‌వూఫరే మోగుతుంది కదా. ఎర్తు పిన్ను విరిచి హమ్ పోగొట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. యాంప్ లోపల ఏదైనా షార్టయితే బాడీ మొత్తం 230 వోల్టులవుతుంది. పాత ఇళ్లలో మూడో పిన్ను ఉత్తుత్తిదే అయి ఉంటుంది. సాకెట్‌లో న్యూట్రల్‌కి, ఎర్తుకి మధ్య 5 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే యాంప్ కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

స్పీకర్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగిది వాడండి. ఐదు మీటర్ల దూరానికి రానూపోనూ 0.07 ఓమ్స్ వస్తుంది. డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (యాంప్ స్పీకర్‌ని ఎంత అదుపులో పట్టుకుంటుందో చెప్పే అంకె) 1000 అని గొప్పగా రాసే యాంప్‌కి కూడా ఈ వైరు చివర మిగిలేది 104. దాని కోసం ఎక్కువ డబ్బు ఇవ్వనక్కర్లేదు. వైరు చివర కత్తితో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం.

చివరిగా కాలిబ్రేషన్ మొదటి నుంచి మళ్లీ నడపండి. బయటి యాంప్ గెయిన్ వేరు కాబట్టి పాత లెవెల్స్ పనికిరావు. తిరిగి నడపకపోతే ముందు మూడు స్పీకర్లే గట్టిగా మోగి, "అబ్బ, యాంప్ ఎంత మార్చేసిందో" అనిపిస్తుంది, సరౌండ్లు మాత్రం ఎక్కడా వినపడవు. అయిపోయాక చానల్ లెవెల్స్ చూడండి. ముందు చానళ్లలో ఏదైనా −12 దగ్గర ఆగిపోతే రిసీవర్ అంతకన్నా తగ్గించలేకపోయిందన్నమాట. యాంప్ గెయిన్ స్విచ్ ఒక మెట్టు దించి, మైకు మళ్లీ సోఫా మీద పెట్టి ఇంకోసారి నడపండి.